బాలమణి అత్త జరిపిన సీటు

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. నాకు మల్లెపూల వాసన కంటే గ్యాస్‌నూనె వాసన, అదే కిరోసిన్ వాసన, ఎక్కువ ఇష్టం. ఆడపిల్ల పైకి చెప్పుకునే ఇష్టం కాదు కనుక లోపలే దాచుకున్నాను. ఈ ఉదయం కోస్గిలో, నా కిరాయి గదిలో, స్టవ్వులో నూనె పోస్తుంటే గరాటు ఒరిగి అరచేతి నిండా ఒలికింది. ఇంటావిడ చూసి, "అయ్యో టీచరమ్మా, శెనగపిండి పెట్టి కడుక్కోరి, లేకుంటె దినమంత వాసనొస్తది" అంది. సరేనని తల ఊపాను. పెరట్లోకి వెళ్ళి, ఎవరూ చూడటం లేదని నమ్మకం కుదిరాక, చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చాను. వెంటనే బాలమణి అత్త కనిపించింది. కనిపించిందంటే మొహం కాదు, కాళ్ళు. చీర కుచ్చెళ్ళు పైకి దోపి, నల్ల మోటారు ముందు తలుపులోంచి నడుము దాకా లోపలికి దూరిపోయి, బయట రెండు పొట్టి కాళ్ళు మాత్రం ఊపుతూ, "పిల్లా, గా చిప్ప ఇటియ్యి, జర తొందరగ" అని అరుస్తున్న బాలమణి అత్త.

మా ఇల్లు యాదగిరిగుట్ట కింద, సాలెల వాడలో ఉండేది. మా బాపు మగ్గం నేసేవాడు. పక్కిల్లే బాలమణి అత్తది. రక్తసంబంధం ఏమీ లేదు, మా కులపామె, వరసకు అత్త. వాడలో అందరికంటే పొట్టి. ఎవరైనా ఆ మాట ఎత్తబోతే వాళ్ళకంటే ముందే తనే అనేసేది, "దేవునికి నూలు తక్కువ పడ్డనాడు నన్ను నేసిండు. ఉన్నకాడికి సాలనుకున్నడు." ఆమె భర్త సత్తయ్య మామ మాత్రం తాటిచెట్టంత మనిషి. మా ఇంటికి వస్తే గుమ్మం దగ్గర వంగి, లోపల మగ్గం తాళ్ళ దగ్గర మళ్ళీ వంగి, చివరికి కూర్చున్నాకనే నిటారుగా అయ్యేవాడు. సాలెవాడలో పుట్టినా ఆయనకు మగ్గం గుంట పడలేదు. కాళ్ళు పట్టేవి కావు. అందుకని చిన్నప్పుడే ఎడ్లబండి పట్టుకుని, రాయగిరి స్టేషన్‌లో దిగిన యాత్రికులను గుట్టకు తోలేవాడు. తర్వాత ఒక గడీలో మూలన పడి ఉన్న పాత విదేశీ మోటారును కొనుక్కొచ్చి టాక్సీ చేశాడు. గుండ్రటి వీపు, ఉబ్బిన కళ్ళలాంటి దీపాలు, కదిలేముందు ఒక పెద్ద నిట్టూర్పు. వాడంతా దాన్ని నల్లబర్రె అనేది. ముందు సీటు మంచంలా ఒకటే పొడవు. సత్తయ్య మామ కాళ్ళకు తగ్గట్టు అది ఎప్పుడూ వెనక్కి ఆనుకునే ఉండేది. అది ముందుకు కూడా జరుగుతుందన్న సంగతి మాలో ఎవరికీ తెలియదు.

నా గురించి పెద్దగా చెప్పడానికి లేదు. బాపుకు నూలు కండెలు చుట్టిపెడుతూ, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని చదివేదాన్ని. చదవడమంటే కళ్ళతోనే. బళ్ళో పంతులు లేచి చదవమంటే నా పెదవులు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు. ఆయన విసిగిపోయి పక్కపిల్లను లేపేవాడు. ఇంటికి చుట్టాలొస్తే ఆరేసి వేలాడదీసిన నూలు చిలపల వెనక్కి వెళ్ళి కూర్చునేదాన్ని. ఒకరోజు అలా కూర్చుని చదువుకుంటుంటే బాలమణి అత్త చిలపలు పక్కకు జరిపి తల లోపలికి పెట్టింది.

"ఏం జదువుతున్నవే?"

"ఏం లేదత్తా."

"ఏం లేనిదానికి గంత నవ్వెందుకొస్తున్నదే నీకు? బయటికి జదువు. నాకు సదువు రాదు గాని చెవులున్నయి."

నేను గొణిగాను. ఆమె పక్కన చేరగిలబడి చేటలో ఆముదం కాయలు ఒలుస్తూ, "వినొస్తలేదు" అంది. కొంచెం పెంచాను. "మల్ల వినొస్తలేదు" అంది. అది అబద్ధమని నాకు తెలుసు, ఎందుకంటే కథలో నవ్వాల్సిన చోట సరిగ్గా నవ్వుతోంది. అయినా ఇంకొంచెం పెంచాను. అప్పటినుంచి మధ్యాహ్నాలు అదే మా పని. ఆమె ఒలిచేది, ఏరేది, చెరిగేది. నేను చదివేదాన్ని. ఆమె ఒక్కతి ముందే నా గొంతు బయటికొచ్చేది. వీధిలో ఎవరైనా తొంగిచూస్తే చప్పున ఆగిపోయేది.

ఆ ఏడు మాఘమాసంలో సత్తయ్య మామ గుట్ట మెట్ల మీద జారిపడ్డాడు. యాత్రికుల్లో నడవలేని ముసలమ్మను ఎత్తుకుని దింపుతున్నాడు. ముసలమ్మకు ఏమీ కాలేదు, ఆయన కాలు విరిగింది. దవాఖానలో కట్టు కట్టి, ఎండలు ముదిరేదాకా కాలు కింద పెట్టొద్దన్నారు. ఫాల్గుణంలో గుట్ట మీద జాతర. టాక్సీ వాళ్ళకు ఏడాది తిండి ఆ కొద్ది రోజుల్లోనే దొరకాలి. నల్లబర్రె ఇంటి ముందు దుమ్ము పట్టి నిలబడింది. భువనగిరి నుంచి ఎవరో కొంటామని కబురు పంపారు. మామ అరుగు మీద మంచంలో పడుకుని మోటారు వంక చూడకుండా గోడవైపు తిరిగి ఉండేవాడు.

"అమ్ముదామే బాలీ. నిలవడితె తుప్పు వడ్తది."

"నేను నడుపుత."

మామ గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. ఆమె వేళాకోళం ఆడటం లేదు. మోటారు మొరాయించిన రోజుల్లో ఆయన వెనక నుంచి తోస్తుంటే ముందు చక్రం పట్టుకున్నది ఆమే. సగం నిలబడి, సగం కూర్చుని, గేర్లు వేయడం అలాగే నేర్చుకుంది. మామ, "నీ కాళ్ళు అందాలె గద" అన్నాడు. "బాలీసు వెట్టుకుంట" అంది ఆమె.

మరునాడు కోతలైపోయిన పొలంలో పరీక్ష. వీపు వెనక పెద్ద దూదిదిండు, అదే ఆ బాలీసు, పెట్టుకుని అత్త కూర్చుంది. వాడంతా గట్టు మీద చేరింది. బాపు కూడా మగ్గం దిగి వచ్చాడు. నల్లబర్రె నిట్టూర్చి కదిలింది. బాగానే తిరిగింది, మలుపు కూడా తీసుకుంది. ఆపుదామని బ్రేకు గట్టిగా తొక్కగానే వెనక బాలీసు నొక్కుకుపోయి ఆమె కిందికి జారిపోయింది. మాకు అద్దంలోంచి ఆమె తల కనిపించడం మానేసింది. తల లేని మోటారు తిన్నగా వెళ్ళి గడ్డివాములో దూరింది. అందరం పరుగెత్తాం. గడ్డిలోపలి నుంచి నవ్వు వినిపిస్తోంది. "నన్ను తర్వాత తియ్యిండ్రి, ముందుగాల బాలీసును తియ్యిండ్రి, దానికి దెబ్బ తాకినట్టున్నది" అంటోంది అత్త. అందరూ నవ్వారు. కానీ ఇంటికి వచ్చాక ఆమె నవ్వలేదు. అరుగు అంచున కూర్చుని తన పాదాల వంక చూసుకుంటూ ఉండిపోయింది.

అదే వారంలో నార్కట్‌పల్లి నుంచి ఒక మెకానిక్ పెళ్ళాం పిల్లలతో గుట్టకు మొక్కు తీర్చుకోవడానికి వచ్చాడు. సత్తయ్య మామకు ఎరుకైనవాడు, అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. సంగతి విని సీటు కింద తల పెట్టి చూశాడు. అప్పుడు తెలిసింది మాకు, సీటు కింద రైలు పట్టాల్లాంటి రెండు ఇనుప పట్టాలు ఉంటాయని, పక్కనున్న పిడి ఎత్తితే సీటు వాటి మీద ముందుకూ వెనక్కూ జారాలని. పిడి ఎత్తి ఆయన ఒక కుదుపు కుదిపాడు. కదల్లేదు. మోకాలు ఆనించి తోశాడు. నల్లబర్రె మొత్తం ఊగింది గాని సీటు కదల్లేదు.

"బండలెక్క వట్టింది. పట్టాలు కోసి సీటు ముంగటికి తెచ్చి వెల్డింగ్ కొట్టాలె. ఇగ జన్మల కదలదు."

"కొట్టు" అన్నాడు మామ. అని గోడవైపు తిరిగాడు.

అత్త ఆ తిరగడం చూసింది. నేనూ చూశాను. "మల్ల ఆయన కూసుంటె కాళ్ళు యాడ వెట్టుకోవాలె?" అని అడిగింది.

ఉస్తాద్ గొంతు తగ్గించి, "గిప్పట్ల ఆయన యాడ నడుపుతడమ్మా" అన్నాడు. తగ్గించినా మంచం దాకా వినపడింది.

"నడుపుతడు. వెల్డింగ్ గిల్డింగ్ ఏం వద్దు. నాకు సీటు ముంగటికి రావాలె, ఆయన లేచిననాడు ఎన్కకు వోవాలె. పుట్టినప్పుడు జరిగిందే గద, ఇప్పుడెందుకు జరగదు?"

ఉస్తాద్ నవ్వాడు. పానాలతో బోల్టులు ఊడదీసి, ఇద్దరు మనుషుల సాయంతో సీటును పట్టాలతో సహా వాకిట్లో దింపించాడు. "ఇయ్యాల కొండమీద నిద్రజేస్త. రేపు దిగుతప్పుడు చూస్త. అప్పటికి జరిగితె బిగించిపోత, లేకుంటె కోసుడే" అని పానాలు అక్కడే వదిలి మెట్ల దారి పట్టాడు.

అత్త నన్ను పిలిచింది. "నీ చేతులు సన్నం, పిల్లా. పుస్తకం అవతల వెట్టి రా." సీటును బోర్లా తిప్పితే నల్లటి బంక గట్టిపడి పట్టాలు ఎక్కడున్నాయో కూడా తెలియడం లేదు. పాత ఇనుప మూకుట్లో గ్యాస్‌నూనె పోసి, గుడ్డతో తడిపి, వెదురుపుల్లతో గీకడం మొదలుపెట్టాం. పుల్లలు విరిగాయి తప్ప బంక కదల్లేదు. దానికి కుంచె కావాలని నాకు తోచింది. సాలెల ఇళ్ళలో పడుగుకు గంజి పట్టించే కుంచె ఉంటుంది. గట్టి గడ్డివేళ్ళతో కట్టిన మూరెడు కుంచె. అది పూజకు పెట్టే వస్తువు, దాన్ని కాలితో తాకితే కళ్ళకద్దుకుంటాం. మా ఇంట్లో అరిగిపోయినది ఒకటి అటక మీద ఉంది. బాపును అడగడానికి నోరు రాలేదు. వెళ్ళి మగ్గం పక్కన నిలబడి అటక వంక చూస్తూ ఉన్నాను. బాపుకు నా మౌనం అర్థం చేసుకోవడం అలవాటే.

"ఏందే, కుంచెనా? కుంచెతోని మోటారు తోముతరా? మన తాతలు వింటె గంజిలవడి సస్తరు!" అన్నాడు. అన్నాడు గాని తనే నిచ్చెన వేసి దింపాడు. చేతికి ఇచ్చేముందు దానికి దండం పెట్టి, "తల్లీ, ఏమనుకోకు, ఆడిపిల్లలు అడిగిన్రు" అన్నాడు.

కుంచె పనిచేసింది. గ్యాస్‌నూనె తాగి మెత్తబడ్డ బంక పెచ్చులు పెచ్చులుగా రాలింది. అందులోంచి గుట్టకు వచ్చిన జనం జనమంతా బయటపడ్డట్టు అనిపించింది. కొబ్బరి పీచు, ప్యాలాలు, చింతగింజలు, కుంకుమ కట్టిన మట్టి, గుండు చేయించుకున్న వాళ్ళ వెంట్రుకలు, ఎండిపోయిన పులిహోర మెతుకు. పట్టా వెనక చివర, బంక చేరని చిన్న గుల్లలోంచి పసిపిల్ల గజ్జెలోని మువ్వ ఒకటి దొర్లి వాకిట్లో పడి గల్లుమంది.

మంచం మీద మామ తల ఎత్తాడు. "అది బండి శబ్దం గాదే?"

నిజమే. నల్లబర్రె మలుపు తిరిగినప్పుడల్లా ఎక్కడి నుంచో సన్నగా గల్లుమనేది. గుట్ట నర్సన్న స్వామి తన బండిలో కూర్చుని వస్తాడని, ఆ శబ్దం ఆయన గజ్జెలదేనని మామ యాత్రికులకు ఎన్నో ఏళ్ళుగా చెబుతూ వచ్చాడు. వాళ్ళు నమ్మి దండాలు పెట్టేవారు. చెప్పగా చెప్పగా ఆయనే నమ్మాడు. అత్త మువ్వను కొంగుతో తుడిచి ఎత్తి చూపించింది.

"ఇగో నీ నర్సన్న. ఇన్నేండ్లు సీటు కింద ఇరికించినవు పాపం."

"పారెయ్యకే! గది లేకుంటె నా బండి ఎవలెక్కుతరు?"

"పారెయ్య. అద్దానికి కడ్త. ఇంకింత ఇనవడ్తది."

ఇంకా గీకుతుంటే అత్త హఠాత్తుగా ఆగి వేలికి అంటిన బంకను వాసన చూసింది. మళ్ళీ చూసింది. "ఏమయ్యో, ఇది ఆముదం వాసనేంది?"

మామ పైకప్పు వంక చూశాడు. బండి ఇరుసుకు రాసే కందెన మా వైపు అందరికీ తెలిసినదే. వరిగడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి చేస్తారు. ఎడ్లబండి తోలినన్నాళ్ళు ప్రతి అమావాస్యకు ఇరుసుకు కందెన పెట్టిన మనిషి, మోటారు కొన్నాక కూడా ఆ నియమం మానలేదు. ఇంజను జోలికి పోకూడదని ఉస్తాద్ చెప్పాడట. మరి ఎక్కడ పెట్టాలి? సీటు కింద ఇనుము మీద ఇనుము కనబడింది. అక్కడ పెట్టాడు. ఎన్ని అమావాస్యలో! ఇరుసైతే తిరుగుతుంది, పాతది కరిగి కారిపోతుంది. కదలని సీటు కింద కందెన మీద కందెన, దాని మీద దుమ్ము, ఏళ్ళ తరబడి బండ కట్టింది.

"బర్రెకు మంచిగుంటదని వెట్టిన" అన్నాడు మామ చిన్నగా.

అత్త ఆయన్ను చూసి నవ్వు మొదలుపెట్టింది. చేతిలో గుడ్డ వదిలేసి, వాకిట్లో చతికిలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "సీటుకు గింత నూనె వోసినవు! నా తలకు ఒక్కనాడన్న చుక్క రాసినవా?" అంది. మామ కూడా నవ్వాడు. కాలు విరిగాక ఆయన నవ్వడం అదే మొదలు. మంచం కదిలి కాలు నొప్పెట్టి, "అబ్బా" అంటూ నవ్వాడు.

మధ్యమధ్య అత్త సీటు ఊడిన చోటు తుడవడానికి నడుము దాకా మోటారులోకి దూరి, గ్యాస్‌నూనె చిప్ప ఇమ్మని నన్ను కేకేసేది. పొద్దు వాలేసరికి పట్టాలు తేటపడ్డాయి. ఇనుము నీలంగా మెరిసింది. పట్టాలకు మధ్య చిన్న ఇనుప గుండ్లు, పిడి కింద పన్ను, ఆ పన్ను కూర్చునే గాట్లు, అన్నీ ఒక్కొక్కటే బయటపడుతుంటే ఒక మంచి పుస్తకంలో అధ్యాయాలు తెరుచుకుంటున్నట్టే ఉంది నాకు. పొడిగుడ్డతో తుడిచి, పిడి ఎత్తి తోస్తే సీటు జానెడు జరిగి కీచుమంది. ఉస్తాద్‌కు చూపించడానికి అది చాలదు. మామ మంచం మీద నుంచి ఉత్సాహంగా, "ఇగ ఏమన్న రాయాలె దానికి. బాలీ, దూలానికి కందెన బుర్ర ఉన్నది, తే!" అన్నాడు. అత్త అలవాటు చొప్పున లేచి బుర్ర అందుకుంది. ఆముదం ఒక చుక్క పట్టా మీదికి జారబోయింది.

"వద్దు! వద్దత్తా! మల్ల దుమ్ము వడ్తది!"

ఆ కేక ఎవరిదో నాకే తెలియలేదు. వీధిలో పోయే వాళ్ళు ఆగి చూశారు. మా ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిపోయింది. గుట్ట ఎదురుగోడలా నా గొంతును నాకు తిప్పి పంపినట్టు అనిపించింది. చిలపల వెనక్కి పరుగెత్తుదామనుకున్నాను. అత్త బుర్ర అలాగే పట్టుకుని, "మల్లేం రాయాలె? చెప్పు. గట్లనే గట్టిగ చెప్పు" అంది.

చెప్పాను. బాపు మగ్గం మీద నాడె అటూ ఇటూ పరుగెత్తే పలక మీద నూనె చుక్క పడనివ్వడు. నూనె పడితే దుమ్ము పడుతుంది, దుమ్ము పడితే నాడె ఆగుతుంది, బట్టకు మరక పడుతుంది. అందుకని పొద్దున్నే తేనెమైనం ముక్కతో రుద్దుతాడు. పొడిగా ఉంటుంది, జారుతుంది, ఏదీ అంటుకోదు. ఇదంతా నేను పుట్టినప్పటి నుంచి రోజూ చూసిందే. గుమ్మంలో నిలబడి విన్న బాపు లోపలికి వెళ్ళి మైనం ముద్ద తెచ్చి, నాకు కాదు, అత్త చేతికి ఇచ్చాడు. "నా బిడ్డకు గింత గొంతున్నదని నాకు తెల్వదు చెల్లె" అన్నాడు. "నాకు తెలుసన్నా" అంది ఆమె.

మైనం పల్చగా రుద్దాం. అత్త పిడి ఎత్తింది. నేను తోశాను. సీటు వాకిట్లో చివరి గాటు దాకా జారి, 'టక్' అని ఆగింది. ఆ శబ్దం ఎంత ముద్దుగా ఉందంటే మళ్ళీ మళ్ళీ తోసుకున్నాం. ముందుకు టక్, వెనక్కి టక్. మామ మోచేతి మీద లేచి, "ఎన్కకు నిండ వోతదా?" అని అడిగాడు. అడుగుతూనే సగం గోడవైపు తిరిగాడు. అత్త నవ్వు ఆపి, సీటును పూర్తిగా వెనక్కి తోసి, చివరి గాటులో కూర్చోబెట్టి, దాని మీద చేత్తో రెండుసార్లు చరిచింది.

"సూడు. నీ జాగ నీకే ఉన్నది. జర కాలు జల్ది మాన్పుకో."

మర్నాడు ఉస్తాద్ బోడిగుండుతో కొండ దిగి వచ్చి, పిడి ఎత్తి, జరిపి, మైనం వేలితో తాకి చూసి, "బర్రెకు కొత్త కాళ్ళొచ్చినయి" అని సీటు బిగించి వెళ్ళాడు. తర్వాత లైసెన్సు కోసం నల్లగొండ వెళ్ళాం. అత్త నడిపింది. వెనక సీట్లో కట్టు కట్టిన కాలు అడ్డంగా చాపుకుని మామ. ముందు ఆమె పక్కన నేను, రోడ్డు నియమాల చిన్న పుస్తకం చదువుతూ. ఇంజను మోతలో వినబడాలంటే అరవాల్సిందే. చిట్యాల దాటేసరికి నా గొంతు బొంగురుపోయింది. అక్కడ ఇన్‌స్పెక్టరు మంచివాడే, కాని పొడగరి. ముందు తను కూర్చుని చూస్తానని సీటు వెనక్కి జరుపుకుని బ్రేకులు చూశాడు. తర్వాత పక్కకు జరిగి, అత్తను ఎగాదిగా చూసి, "కాళ్ళు అందుతాయా అమ్మా?" అన్నాడు. "అందుతయి సారూ" అని ఆమె పిడి ఎత్తి ఒక్క ఊపు ఊపింది. సీటు ఒకటే పొడవాటిదని ఆయన మరిచిపోయాడు. ఆమెతోపాటు ఆయనా ముందుకు జారాడు. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి, టోపీ ఒళ్ళో పడింది, అద్దానికి కట్టిన మువ్వ గల్లుమంది. వెనక మామ దగ్గు నటించాడు. ఇన్‌స్పెక్టరు అలా ముడుచుకునే పరీక్ష మొత్తం పూర్తిచేసి, దిగాక నడుము సవరించుకుంటూ, "బాగా నడుపుతారు. బ్రేకు కూడా బాగా అందుతోంది" అని ఒప్పుకున్నాడు.

ఆ జాతరలో మొదటిరోజు ఆడమనిషి బండి అని ఎవరూ ఎక్కలేదు. చివరికి ఒక ముసలమ్మ కర్ర ఊపుతూ వచ్చి, "మగోళ్ళు నడిపితె నా పేగులు నోట్లెకొస్తయి. ఈమె మెల్లగ తోలేటట్టున్నది" అని ముందు కూర్చుంది. ఇక ఆగలేదు. వేసవి పోయి వానలు పడేసరికి మామ కాలు మానింది. కొంచెం కుంటేవాడు, కాని నడిపేవాడు. పొద్దుటి రైలుకు ఆమె, సాయంత్రం రైలుకు ఆయన. వాడ మొత్తానికి రోజూ మధ్యాహ్నం ఒక కేక వినబడేది. "బాలీ! మోకాళ్ళు గద్మకు తాకుతున్నయే! దిగేటప్పుడు సీటు ఎన్కకు జరపరాదా?" దానికి జవాబు కూడా రోజూ ఒకటే. "నువ్వు పొద్దుగాల ముంగటికి జరిపి వెట్టినవా నాకు?"

నేను ప్రైవేటుగా మెట్రిక్ కట్టి ప్యాసయ్యాను. టీచరు ట్రైనింగుకు వెళ్తానని బాపుతో చెప్పడానికి అత్తే వస్తుందనుకున్నాను. ఆమె రాలేదు. "నీ నోరు నీకున్నది, పో" అంది. వెళ్ళి చెప్పాను. బాపు మగ్గం ఆపకుండానే విని, "కొంచెం మెల్లగ చెప్పే, వాడంత వింటున్నరు" అన్నాడు.

ఇప్పుడు నా తరగతిలో పెదవులు మాత్రం కదిలించే పిల్లలు ఎప్పుడూ ఒకరిద్దరు ఉంటారు. నేను పక్కపిల్లను లేపను. దగ్గరికి వెళ్ళి కూర్చుని, వినబడినా వినబడలేదనే చెబుతాను. నా మేజా సొరుగు బిగిసినా, కిటికీ రెక్క పట్టినా, పెట్టెలోంచి మైనం ముక్క తీస్తాను. నూనె మాత్రం రాయనివ్వను. బాలమణి అత్త పోయిన చలికాలంలో జ్వరంతో పోయింది. కబురు కోస్గికి ఆలస్యంగా అందింది. సెలవు పెట్టి వెళ్ళేసరికి మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఏడ్చాను, ఆయనా ఏడ్చాడు. నేను తిరిగి వచ్చేటప్పుడు స్టేషన్‌కు దింపుతానని నల్లబర్రె ఎక్కబోయి ఆగాడు. సీటు ముందుకే ఉంది. ఆయన దాన్ని జరపలేదు. అలాగే మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని రాయగిరి దాకా నడిపాడు.

కానీ నాకు ఆమె గుర్తొచ్చేది ఆ రోజులా కాదు. ట్రైనింగుకు బయలుదేరిన రోజులా. భువనగిరిలో నల్లగొండ బస్సు ఎక్కించడానికి ఆమె నన్ను తీసుకెళ్ళింది. రెండు పక్కలా సీతాఫలం చెట్లున్న తిన్నటి రోడ్డు మీద మోటారు ఆపి, దిగి, ఇటు చుట్టూ తిరిగి వచ్చి, "జరుగు. నువ్వు తోలు" అంది.

"నాకు రాదత్తా!"

"ఇన్నొద్దులు పక్కన కూసొని పుస్తకం జదివినవు గద, చూడలేదా ఏంది?"

చక్రం వెనక కూర్చున్నాను. నా మోకాళ్ళు తగిలాయి. ఆమెకంటే నేను చాలా పొడుగయ్యానని అప్పుడే తెలిసింది. పిడి ఎత్తి వెనక్కి జరుపుకున్నాను. టక్. నల్లబర్రె నిట్టూర్చింది. ఒక ఎడ్లబండి తప్పుకుంది, మువ్వ గల్లుమంటూనే ఉంది, సీతాఫలం చెట్లు వెనక్కి పోతున్నాయి, నేను గట్టిగా ఏదో అరుస్తున్నాను, నవ్వుతున్నాను. బస్‌స్టాండు దాకా నేనే నడిపాను. అక్కడికి చేరేసరికి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కండక్టరు కేకలు. ఆమెతో చెప్పాలని రాత్రంతా మనసులో కూర్చుకున్న మాటలు ఒక్కటీ చెప్పలేదు. పెట్టె అందుకుని పరుగెత్తి బస్సెక్కి కిటికీలోంచి చూశాను. ఆమె డ్రైవరు సీట్లోకి ఎక్కి కూర్చుంది, పాదాలు గాలిలో ఊగాయి. తలుపులోంచి తల బయటపెట్టి, బస్‌స్టాండంతా వినేలా అరిచింది.

"ఎంత ఎన్కకు జరిపినవే పిల్లా! నా కాళ్ళు అందుతలేవు!"